దారం కట్టిన ఆకు

సోమలింగాన్ని ఎవరైనా మాస్టర్ అని పిలిచి పదకొండేళ్లు దాటింది. అంతకుముందు పాతికేళ్లపాటు సూరత్‌లో ఆయనకు అదే పేరు. జకార్డు మగ్గం మీద చీరకు పువ్వో నెమలో పడాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతూ గీయాలి. ఆ నక్షను చూసి అట్టలకు బెజ్జాలు కొట్టాలి. ఆ బెజ్జాల ప్రకారం మగ్గం పోగులు ఎత్తుతుంది. గీసేదీ కొట్టేదీ సోమలింగమే. ఆయన్ని మా షెడ్డుకు రానివ్వమంటే మా షెడ్డుకని పండేసర మగ్గాల పేటలో ఇద్దరు యజమానులు మాటలు మానేసుకున్న రోజులున్నాయి. తరవాత కంప్యూటర్లు వచ్చాయి. అట్టలన్నీ చిత్తుకాగితాల వాడి తక్కెట్లోకి వెళ్లాయి, మాస్టర్ అన్న మాట కూడా వాటి వెనకే వెళ్లింది. ఇప్పుడు యాభై తొమ్మిదేళ్ల సోమలింగం అదే ఊరి చివర వడోద్‌లో ఒక గోడౌన్‌లో పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, తయారైన చీరలకు వేలాడే దారపు కొసలను చిన్న కత్తెరతో కత్తిరిస్తాడు. అక్కడ ఆయన్ని కాకా అంటారు.

కాకా అంటే తిట్టేం కాదు. తల నెరిసినవాణ్ణి కాకా అనక మరేమంటారు? అయినా ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఆయన ఒక్క క్షణం ఆలస్యంగా పలికేవాడు. ఇంకెవరినో పిలుస్తున్నారేమో, ఆ ఇంకెవరో పలుకుతాడేమో అని చూసేవాడు.

తమాషా ఏమిటంటే, తండ్రి నోటి దగ్గరి కూడు లాక్కున్న ఆ కంప్యూటరే కొడుక్కి కూడు పెడుతోంది. శివకృష్ణ రింగ్ రోడ్ మార్కెట్‌లో ఓంప్రకాష్ సేఠ్ కొట్లో డిజైన్లు చేస్తాడు. పెళ్లి కాలేదు, దోస్తులతో కలిసి మార్కెట్ దగ్గరే ఒక గదిలో ఉంటాడు. వారానికోసారి తల్లి చేతి కూడు తినడానికి వడోద్ వస్తాడు. వచ్చినప్పుడు పని గురించి తండ్రి అడగడు, కొడుకు చెప్పడు. రాజమ్మ ఇద్దరికీ అన్నం వడ్డించి ఊళ్లో సంగతులు మాట్లాడుతుంది.

హోలీ వెళ్లిన వారానికి, గోడౌన్ యజమాని ఒక మూట ఇచ్చి సోమలింగాన్ని ఆ సేఠ్ కొట్టుకే పంపాడు. మూట మోసుకుని నాలుగంతస్తులు ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. లోపల ఓంప్రకాష్ సేఠ్ చేతిలో ఒక రంగుల కాగితం ఊపుతూ శివకృష్ణ మీద ఎగురుతున్నాడు.

"దీన్ని చీర అంటారా? ఫొటో తీసి గుడ్డ మీద అంటించినట్టుంది! కట్టుకునే ఆడది మనిషా, గోడా?" అని హిందీలో కడిగేస్తున్నాడు. శివకృష్ణ నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఎగరడానికంతా కారణం గల్లాపెట్టె పక్కన తెల్ల కుండీలో ఉంది. డబ్బున్నవాళ్ల పేట అడాజన్‌లో ఉండే సేఠ్ కోడలు కొట్టుకు అందంగా ఉంటుందని తెచ్చిపెట్టిన మొక్క. ఆ ఆకులు చూసి సేఠ్‌కు మనసైంది. పెళ్లిళ్ల సీజను బుకింగ్‌కు అదే బొమ్మతో చీర తేవాలని పట్టుబట్టాడు.

సోమలింగం మూట దించి, చెమట తుడుచుకుంటూ ఆ మొక్క వంక చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. లేత ఆకుపచ్చ ఆకు, అరచేతికన్నా వెడల్పు. దాని మీద నడి ఈనెకు అటూ ఇటూ ముదురు పచ్చతో చిన్న చిన్న ఆకులు ఎవరో కూర్చుని గీసినట్టున్నాయి. ఒక పెద్దది, ఒక చిన్నది, మళ్లీ పెద్దది. ఆకు మీద ఆకుల బుటా. పాతికేళ్లు నక్షలు గీసిన కళ్లకు అది మొక్కలా కనిపించలేదు, పనిలా కనిపించింది. ఎవరిదో గొప్ప పనితనం. ఆయన మెల్లగా ఒక ఆకును తిప్పి చూశాడు. వెనకంతా నేరేడుపండు రంగు.

ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాడు. "సేఠ్, ఫొటోలో పైముఖమే వస్తుంది. ఈ ఆకు అందం వెనక ఉంది. పచ్చ పేక ఒకటి, నేరేడు పేక ఒకటి, రెండు పేకలతో నెయ్యాలి. పైన పచ్చ, అడుగున నేరేడు. కొంగు గాలికి తిరిగితే ఆకు తిరిగినట్టుండాలి."

కొట్లో అందరూ ఆయన వంక చూశారు. శివకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. సేఠ్ కళ్లజోడు పైకెత్తి, "నువ్వు అట్టల పంచింగ్ చేసేవాడివి కదూ? మా నాన్న ఉన్నప్పుడు వచ్చేవాడివి. గీయగలవా?" అన్నాడు.

"చేతిలో పెట్టి చూడండి."

సేఠ్‌కు నిజంగా నమ్మకం కలిగిందో, పొద్దుటి నుంచి అరిచి అలిసిపోయి ఆ గొడవ ఎలాగో వదిలించుకోవాలనుకున్నాడో మనకు తెలియదు. కుండీని గల్లాపెట్టె మీంచి ముందుకు జరిపి, "అయితే తీసుకుపో మాస్టర్. పదిహేను రోజులు," అన్నాడు.

ఆ తరవాత సేఠ్ ఇంకేమన్నాడో సోమలింగానికి వినపడలేదు. మాస్టర్ అన్న దగ్గరే చెవులు ఆగిపోయాయి. కుండీని ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో వడోద్ దాకా వచ్చాడు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా చంటిపిల్లకు అడ్డం పెట్టినట్టు ఆకులకు చెయ్యి అడ్డం పెట్టాడు.

వాళ్ల గది ఒక మేడ మీద. కింద మగ్గాలు. పగలూ రాత్రీ నేల సన్నగా అదురుతూనే ఉంటుంది, మంచినీళ్ల గ్లాసులో నీళ్లు ఎప్పుడూ నిలకడగా ఉండవు. కిటికీ లేదు, తలుపు మీద జానెడు సందు ఉంది. ట్యూబులైటు ఆర్పితే మధ్యాహ్నమైనా చీకటే. ఆ లైటు కింద కూర్చుని రాజమ్మ చీరలకు జిగురుతో చెమ్కీ రాళ్లు అంటిస్తుంది. భర్త కుండీతో లోపలికి రాగానే రాళ్ల డబ్బా పక్కన పెట్టింది.

"ఏందయ్యా ఇది? కూరకా?"

"కూరకు గాదే. పనికి. సేటు ఇచ్చిండు. నక్ష గియ్యాలె."

"నువ్వా?"

"నేను గాక మీ అయ్య గీస్తడా?"

రాజమ్మ నవ్వింది. భర్త నోట ఎకసెక్కం విని చాలా కాలమైంది. లేచి కుండీ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నెమలీక లెక్కనే ఉన్నది," అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో దాని పేరు నెమలాకు.

సాయంత్రం శివకృష్ణ ఫోన్ చేశాడు. మొక్కను ఎలా చూసుకోవాలో సేఠ్ కోడలు చెప్పిన మాటలు వరసగా అప్పజెప్పాడు. ఎండ తగలొద్దు, అలాగని చీకట్లోనూ ఉంచొద్దు. బోరు నీళ్లు పొయ్యొద్దు, ఆ ఉప్పుకు ఆకుల అంచులు మాడిపోతాయి. ఫ్యాను గాలి నేరుగా తగలొద్దు. చుట్టూ తేమ ఉండాలి, కానీ వేళ్లు నీళ్లలో నానకూడదు.

"ఇంకేమన్న ఉన్నదా? జోలపాట గిట్ల పాడాల్నా?" అని రాజమ్మ పక్కనుంచి అరిచింది.

ఎంత వెక్కిరించినా చేసింది ఆవిడే. వాళ్లిద్దరూ తాగేది బోరు నీళ్లు. నెమలాకుకు మాత్రం క్యాను నీళ్లు తెప్పించింది. "మేం ఉప్పునీళ్లు తాగి కాళ్లు గుంజుకుంటున్నం. నువ్వు మాత్రం క్యాను నీళ్లు తాగు దొరసాని," అని దానికి చెబుతూ గ్లాసుతో కొలిచి పోసేది. మంచం తల దగ్గర బియ్యం డబ్బా మీద కుండీ పెట్టి, ఫ్యాను గాలి తగలకుండా పాత దుప్పటి అడ్డం కట్టింది. దాంతో గాలి ఆవిడకూ అందకుండా పోయింది. మార్చి ఉక్కపోతలో రవిక తడిసి ముద్దవుతున్నా రాళ్లు అంటించుకుంటూ కూర్చుంది. తడిగుడ్డతో ఒక్కో ఆకునూ తుడిచేది. మగ్గాల నుంచి లేచే నూగు సాయంత్రానికల్లా ఆకుల మీద పేరుకునేది మరి.

తేమ సంగతి సోమలింగం చూసుకున్నాడు. చిన్నప్పుడు ఊళ్లో తండ్రి నూలు నేసేటప్పుడు ఎండాకాలం పోగులు పుటుక్కుమని తెగకుండా మగ్గం చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీసేవాడు. ఆయనకు తెలిసిన తేమ అదే. ఒక గోనెసంచి కడిగి, తడిపి, కుండీ చుట్టూ మెడ దాకా చుట్టాడు. పగలు మూడుసార్లు దాన్ని తడపడం రాజమ్మ పని.

మొదటి వారం నెమలాకు కళకళలాడింది. ఐదో రోజున మొదట్లోంచి ఒక కొత్త ఆకు చుట్ట చుట్టుకుని పైకి లేచింది. రాజమ్మ గోడౌన్‌కు ఫోన్ చేసి మరీ ఆ మాట చెప్పింది. సోమలింగం ఫోన్ పెట్టేసి, పక్కనున్న ఆడవాళ్లకు కూడా చెప్పాడు. పదకొండేళ్లలో అక్కడ ఆయన తనంతట తాను మాట్లాడింది అదే మొదలు.

కానీ అసలు చిక్కు ఆ ఆకులతోనే వచ్చింది. సోమలింగం పొద్దున ఏడింటికి గోడౌన్‌కు పోయి సాయంత్రం ఏడింటికి తిరిగి వస్తాడు. ఆయన వచ్చే వేళకు నెమలాకు ఆకులన్నీ పైకి లేచి, ఒకదానికొకటి ఆనుకుని, నేరేడు వీపులు బయటికి పెట్టి నిలబడి ఉండేవి. బొమ్మ ఉన్న ముఖాలు లోపలికి పోయేవి. పొద్దున మళ్లీ వాలేవి, అవి వాలేసరికి ఆయన బయల్దేరే వేళయ్యేది. గీసేవాడూ ఆకూ ఒకళ్లకొకళ్లు ఎదురుపడేది ఆదివారాలే.

మొదటి ఆదివారం పొద్దుటినుంచి గళ్ల కాగితం ముందు కూర్చుంటే సగం ఆకు కూడా కాలేదు. ఒక పక్క గీసి రెండో పక్కకు తిప్పి దించుకుందామనుకున్నాడు, పాత బుటాలన్నీ అలాగే గీసేవాడు. ఈ ఆకు అలా లొంగలేదు. ఎడమ పక్క పెద్ద బుటా ఉన్నచోట కుడిపక్క చిన్నది. ఒక గడీ కూడా రెండోసారి వాడుకోవడానికి వీల్లేదు. ఆ రాత్రి భోజనం దగ్గర వేళ్లు మడిచి చూసుకుంటే, ఈ లెక్కన పూర్తి కావడానికి రెండు నెలలు పడుతుంది.

సోమవారం రెండు రోజులు సెలవు అడిగాడు. పెళ్లిళ్ల మాలు గుట్టలు పడి ఉంటే సెలవేమిటి, వెళ్తే మళ్లీ రానక్కర్లేదు అన్నాడు గోడౌన్ యజమాని. ఇంటికి వచ్చి, లేచి నిలబడ్డ ఆకుల ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"పొద్దంత పని చేసినట్టే నిలవడ్డయి సూడు," అంది రాజమ్మ. "నేను నడుం వాలుస్త, అవి నడుం లేపుతయి."

సోమలింగానికి పంచింగ్ గదిలో చేసిన పని ఒకటి గుర్తొచ్చింది. ఏదైనా పాత చీర ముక్క ఇచ్చి ఇలాంటిదే కావాలంటే, ఆ ముక్కను చెక్క మీద పరిచి, ముడతలు లేకుండా లాగి, మీద నిలువూ అడ్డమూ దారాలు బిగించి కట్టేవాళ్లు. ఆ దారాల మధ్య గళ్లలో ఏముందో చూసి కాగితం మీదికి దించేవాళ్లు. బిగువు ఉంటేనే కొలత నిలుస్తుంది. నలభై ఏళ్లుగా ఆయన నమ్మినది అదొక్కటే. పడుగైనా గుడ్డైనా వదులుగా ఉంటే పని చెడుతుంది.

మర్నాడు పొద్దున ఆకులు వాలీ వాలగానే పని మొదలుపెట్టాడు. గోడౌన్ నుంచి ఎప్పుడో తెచ్చి మంచం కింద పడేసిన పెట్టె చెక్కల్లోంచి పలచని ముక్కలు ఏరుకున్నాడు. పెద్ద ఆకులు నాలుగింటి కింద ఒక్కో చెక్క పెట్టి, పైన తెల్ల పాలిస్టర్ దారాలు నిలువునా అడ్డంగా లాగి, నడిమధ్యన ముడి వేశాడు. నేతగాళ్ల ముడి ఎంత లాగితే అంత బిగుస్తుంది. సోమలింగం వేసే ముడికి కొస ఎడమకు తిరిగి ఉంటుంది. కుర్రతనంలో కుడి బొటనవేలి చివర మగ్గంలో పడి నలిగింది, అందుకని ఆయన ముడులన్నీ ఎడం చేతివే. పాత షెడ్లలో తెగిన పోగు అతికిందెవరో ఆ కొసను చూసి చెప్పేవాళ్లు.

ఆ సాయంత్రం ఆయన వచ్చేసరికి మిగతా ఆకులు లేచి నిలబడ్డాయి. ఆ నాలుగూ మాత్రం లైటు కింద ముఖాలు పైకెత్తి పరుచుకుని ఉన్నాయి. సంబరంగా కాగితం ముందేసుకుని ఎర్ర పెన్ను అందుకున్నాడు. ఇంతలో చిన్నగా టిక్కుమని చప్పుడైంది. ఒక చెక్క ముక్క వెంట్రుకవాసి జరిగింది. ఆకు లేవబోతోంది. దారం ఆపుతోంది.

రాజమ్మ జిగురు సీసా మూత పెట్టి అటే చూసింది. "దానికి నొస్తదేమో."

"ఆకుకు నొప్పేందే?"

"లేస్తాంటె పట్టుకుంటే ఎవలికైన నొస్తది."

"ఆరు రోజులు. జర ఓర్చుకొమ్మను," అని ఆయన మళ్లీ కాగితం మీదికి వంగాడు.

ఆ వారం సాయంత్రాలు సోమలింగం సుఖంగా ఉన్నాడు. దాచుకోవలసిన పనేముంది, చాలా సుఖంగా ఉన్నాడు. మెడ పట్టేసినా, కళ్లు నీళ్లు కారినా, ఎర్ర గడీ పక్కన ఎర్ర గడీ పడుతుంటే చేతికి పాత చేవ వచ్చింది. కాగితం మీద గుర్తుకు పైముఖానికి ఎరుపు, వీపుకు నీలం. రెండు పేకలు ఎక్కడ పైకి రావాలో, ఎక్కడ దిగాలో కాగితం మీదే నేసేశాడు. అన్నం పెట్టాను రమ్మంటే రాజమ్మ పిలుపు వినపడేది కాదు. పడుకున్నాక చీకట్లో ఒకసారి, "సేటు కొట్ల అందరి ముంగట అన్నడే మాస్టర్ అని. శివిగాడు కూడ విన్నడు," అన్నాడు. రాజమ్మ ఊఁ అంది. ఈ నక్ష పూర్తి కావాలని ఆవిడ కూడా అప్పుడే మొదటిసారి నిజంగా మొక్కుకుంది.

పదకొండో రోజున రాజమ్మ ఆకు తుడుస్తుంటే, కాడా ఆకూ కలిసేచోట ఉండే చిన్న కణుపు నల్లబడి కనిపించింది. ఆకును పైకీ కిందికీ తిప్పేది ఆ కణుపే. నాలుగు ఆకులకూ అంతే. దారం కింద సన్నటి గోధుమరంగు గీత పడింది. సాయంత్రం భర్త చెప్పులు విడుస్తుండగానే అంది, "ఇగ ఇప్పెయ్యి అయ్యా. సచ్చిపోతది."

సోమలింగం కణుపులు చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు. "ఆదివారం ఆఖరు. సోమవారం పొద్దున సేటు ముంగట పరుస్త. గీ మూడు రోజులు గియ్యకపోతే ఇంతదాక గీసింది దేనికి పనికొస్తది? నేను దేనికి పనికొస్త?"

రాజమ్మ గోనెసంచి మరోసారి తడిపి వచ్చి కూర్చుంది. తడిపితే తేరుకుంటుందనుకుంది పాపం.

శనివారం సాయంత్రం శివకృష్ణ వచ్చాడు. దారాలు కట్టిన ఆకులు చూసి నివ్వెరపోయాడు. ఫోన్‌లో ఏదో వెతికి చదివి, "గిట్ల కట్టద్దు బాపు. అది నిలవడి నిద్రపోయే చెట్టట. దాన్ని పండనిస్తలేవు నువ్వు," అన్నాడు.

"రేపటితోని అయిపోతది. నువ్వు ఇది చూడు ముందు."

నక్ష చూడమన్నాడు తండ్రి. శివకృష్ణ చూశాడు. గోడకు మేకులతో కొట్టిన ఆ గళ్ల కాగితం మనిషెత్తు ఉంది. తండ్రి చేసే పని అతను చిన్నప్పుడు చూశాడు గానీ అర్థమయ్యే వయసులో చూడలేదు. దగ్గరికి పోయి ఒక బుటా అంచు మీద వేలు పెట్టి ఎక్కడ ఎరుపు నీలంలోకి జారిందో తడిమాడు.

"మస్తున్నది బాపు. గని... దీన్ని ఎవలు నేస్తరు?"

"సేటు నేపిస్తడు."

శివకృష్ణ వెళ్లేముందు బియ్యం డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ట్యూబులైటు వెలుగులో ఆకుకు ఫొటోలు తీసుకున్నాడు. దగ్గరగా, ఇంకా దగ్గరగా, నడిమి ముడి స్పష్టంగా కనిపించేంత దగ్గరగా తీశాడు. "ఎందుకురా?" అంది రాజమ్మ. "ఊకెనే అవ్వా," అన్నాడు.

ఆదివారం పొద్దున సోమలింగం లేచేసరికి వాలి ఉండాల్సిన ఆకులు వేలాడుతున్నాయి. కట్టని ఆకులు పసుపుపచ్చగా మారాయి. కట్టిన నాలుగూ చెక్కల మీద తడి కాగితాల్లా అతుక్కుపోయాయి, ముదురు పచ్చ బుటాలు మట్టిరంగులోకి దిగిపోయాయి. గబగబా కత్తెర తీసి దారాలు తెంపాడు. ఆకు లేవలేదు. సాయంత్రం దాకా చూశాడు, అప్పుడూ లేవలేదు. కాడ పట్టుకుని నిలబెట్టబోతే మొదలంటా ఊడి చేతిలోకి వచ్చింది. గోనెసంచి విప్పితే గుప్పున కుళ్లు వాసన కొట్టింది. ఎప్పుడూ ఆరని తడిలో మొదలు మెత్తబడి జిగురైపోయింది. ఐదో రోజు లేచిన కొత్త ఆకు చుట్ట చుట్టలోనే నల్లబడి ఉంది. అది ఒక్కసారి కూడా విచ్చుకోలేదు.

తానే చంపానని సోమలింగానికి తెలిసింది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బతకడానికి ఏం కావాలో చెప్పిన నాలుగు మాటలూ విని, చివరికి మగ్గానికి ఏం కావాలో అదే చేశాడు. రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను తడపకపోయినా బాగుండు," అని ఏడ్చింది. ఆయన తెంపిన దారాలు ఒక్కొక్కటీ ఏరి వేలికి చుట్టాడు.

నక్షలో ఆకు కొన మాత్రం మిగిలిపోయింది, వేలెడంత. ఊహించి గీయొచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. కానీ చూడని గడీని నింపడం ఆయన ఎన్నడూ చేయలేదు. ఆ కొన తెల్లగానే వదిలేశాడు.

సోమవారం పూట కూలీ వదులుకుని, కాగితం చుట్టి చంకలో పెట్టుకుని రింగ్ రోడ్ వెళ్లాడు. గల్లాపెట్టె పక్కన అప్పటికే ఇంకో మొక్క ఉంది. అవే బుటాలు, అదే పచ్చ. ప్లాస్టిక్‌ది.

ఓంప్రకాష్ సేఠ్ కాగితం విప్పించాడు. ఇద్దరు పనివాళ్లు రెండు చివరలూ పట్టుకుని నిలబడ్డారు. సేఠ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. పాతకాలపు వ్యాపారి కొడుకు, పనితనం తెలియనివాడు కాదు. "వాహ్," అన్నాడు మెల్లగా. "మా నాన్న ఉంటే ఇది చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు."

సోమలింగం నిటారుగా నిలబడ్డాడు.

"కానీ దీన్ని నేసేదెవరు? అట్టల మగ్గాలన్నీ తూకానికి అమ్మేశారు. కంప్యూటర్ మగ్గం మీద రెండు పేకలతో వేస్తే చీర ఎంతకు పడుతుంది, ఎవరు కొంటారు? బుకింగ్ నిన్ననే మొదలైంది. మీవాడు శనివారం రాత్రే డిజైన్ పంపాడు, ప్రింటుకు వెళ్లిపోయింది. ఈసారి బాగా చేశాడు, కొత్తగా ఉంది." సేఠ్ కాగితం చుట్టమని సైగ చేశాడు. "చాయ్ తాగి వెళ్లు కాకా."

మెట్ల మీద శివకృష్ణ పరుగెత్తుకుంటూ వచ్చి అందుకున్నాడు. తండ్రి ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

"సేటు దినాం అడుగుతుండె బాపు. నువ్వు గీసింది ఎవలు నెయ్యరని నాకు ముందుగాలే తెలుసు. మన ఇంట్ల తీసిన ఫొటోనే ఇచ్చిన. నేను ఇయ్యకపోతే నన్ను తీసేద్దురు."

"ముందుగాలే తెలిస్తే ఎందుకు చెప్పలే?"

కొడుకు ఒక మెట్టు కిందికి దిగి అన్నాడు, "నువ్వు నవ్వుతున్నవని అవ్వ చెప్పింది."

సోమలింగం తల ఊపి మెట్లు దిగాడు. కొడుకు మీద కోపం తెచ్చుకుందామని ఆటోలో దారి పొడుగునా ప్రయత్నించాడు. రాలేదు. కోపం వస్తే కాస్త నయంగా ఉండేది.

రాజమ్మ మట్టిని బయట పారబోసి, తెల్ల కుండీలో చెమ్కీ రాళ్ల పొట్లాలు పెట్టుకుంది. గోనెసంచి ఉతికి గుమ్మం ముందు పరిచింది. దుప్పటి విప్పేశారు, ఫ్యాను గాలి మళ్లీ తగిలింది. మిగిలిన క్యాను నీళ్లు ఇద్దరూ తాగారు. అవి అయిపోయాక మళ్లీ బోరు నీళ్లే.

మూడు వారాల తరవాత గోడౌన్‌కు కొత్త మాలు వచ్చింది. ప్రింటు చీరలు, అంచులకు లేసు కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు కొసలు కత్తిరించాలి. సోమలింగం గుట్ట మీది మొదటి చీర తీసి ఒళ్లో పరుచుకున్నాడు. లేత పచ్చ ఆకులు, వాటి మీద ముదురు పచ్చ బుటాలు. ఒక పెద్దది, ఒక చిన్నది. ప్రతి ఆకు మీదా నిలువునా అడ్డంగా తెల్లటి దారం బిగిసి ఉంది. నడిమధ్యన ముడి, ఆ ముడి కొస ఎడమకు తిరిగి ఉంది.

ఆయన ఏమీ ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే కదిలింది. కత్తెర మొన ముడి కిందికి తోశాడు, తెంపడానికి. మొన జారిపోయింది. మళ్లీ తోశాడు. మళ్లీ జారింది. మూడోసారి గట్టిగా పొడిచేసరికి పక్కన కూర్చున్న విజయరాణి ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఆ గోడౌన్‌లో లెక్క చూసే మనిషి ఆవిడ.

"అగొ కాకా! చీరకు బొక్క పడతది! అది దారం గాదు, డిజైనే గట్లున్నది. నువ్వు అంచు కొసలు తియ్యి చాలు."

"దారమే," అన్నాడు సోమలింగం.

"గాదు. చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెట్టి చూశాడు. నున్నగా ఉంది. చీర తిరగేశాడు. వెనక నేరేడు రంగు లేదు, ఆకు లేదు, దారం కూడా లేదు. అంతా తెల్లగా ఉంది. కాసేపు ఆ తెలుపు వంకే చూసి, మళ్లీ తిప్పి, అంచు కొసలు కత్తిరించాడు. మడత పెట్టి పక్కన పెట్టి ఇంకో చీర తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి గుట్ట సగం తగ్గింది. సాయంత్రానికి ఇంకో గుట్ట వచ్చింది. "కాకా, ఇవి కూడ," అంది విజయరాణి. ఈసారి ఆయన వెంటనే పలికాడు.